మూడువందల పన్నెండో వాల్వు

మొన్న ఆదివారం మా తోడబుట్టిన చెల్లె కూతురు ఇంటికి వచ్చింది. మల్లాపూర్ వైపు ఒక మందుల కంపెనీలో, క్వాలిటీ విభాగంలో కొత్తగా చేరింది. అన్నం తింటూ తన పని గురించి చెబుతుంటే మురిసిపోతూ విన్నాను. ముప్పై ఏళ్ళు నేను చేసిందీ ఆ పనే కదా. మాటల్లో 'సెగ్రిగేట్' అనే మాట వచ్చింది. మీ దగ్గర ఎట్లా చేస్తారే అని అడిగాను.

"కంప్యూటర్ల ఒక చిన్న గడి ఉంటది పెద్దమ్మా. దాంట్ల టిక్కు గొడితె సెగ్రిగేటెడ్ అని వస్తది" అంది.

మరి సరుకు సంగతేమిటి అని అడిగాను. సరుకు సంగతి స్టోర్ వాళ్ళు చూసుకుంటారట.

నా నోరు మంచిది కాదు. ఆ సంగతి పీర్జాదిగూడలో మా గల్లీ మొత్తానికి తెలుసు. టిక్కు కొడితే చెడ్డ మందు దానంతట అది లేచి వెళ్ళి వేరే గదిలో కూర్చుంటుందా అని మొదలుపెట్టి, పిల్ల చేతిలో ముద్ద ఆరిపోయేదాకా తిట్టాను. అది బిక్కమొహం వేసుకుని వెళ్ళిపోయింది. తరువాత కూర్చుని ఆలోచిస్తే నా మీద నాకే కోపం వచ్చింది. తప్పు దానిది కాదు. ఆ మాటకు అర్థం దానికి ఎవరూ చెప్పలేదు. నాకు చెప్పినవాళ్ళు ఉన్నారు. చెప్పాక కూడా నేను తప్పు చేశాను. అందుకే ఇది రాస్తున్నాను. కొత్తగా ఉద్యోగాల్లో చేరి, పెద్దవాళ్ళు చూపించిన చోటల్లా సంతకం పెట్టే పిల్లలు చదవాలని రాస్తున్నాను. మధ్యలో గొంతు పెరిగితే ఏమీ అనుకోకండి.

మా ఫ్యాక్టరీ నాచారంలో ఉండేది. గ్యాస్ పొయ్యికి మీరు తిప్పే పిడి ఉంటుంది చూశారా, దాని వెనక ఇత్తడి వాల్వు ఉంటుంది. అవి చేసేవాళ్ళం. పొయ్యిలు చేసే కంపెనీలు మా దగ్గర కొనుక్కునేవి. ఒక్కొక్క వాల్వులోకి గాలి పంపి, నీళ్ళ తొట్టిలో ముంచి చూడటం మా విభాగం పని. బుడగ రాకపోతే మంచిది. వస్తే చెడ్డది. ఇంతే మా శాస్త్రం. కానీ ఒక్క చిక్కుంది. తొట్టిలోంచి తీసి తుడిచి పక్కపక్కన పెడితే మంచిదీ చెడ్డదీ ఒకే తీరుగా మెరుస్తాయి. ఎంత అనుభవం ఉన్నా కంటితో చూసి చెప్పలేరు. నేనూ చెప్పలేను.

నేను చేరిన కొత్తలో మాకు ఒక పెద్ద ఇన్‌స్పెక్టర్ ఉండేవాడు. ఘట్‌కేసర్ నుంచి రైల్లో వచ్చేవాడు. పొట్టి మనిషి, చేతి గుడ్డ ఎప్పుడూ భుజం మీదే ఉండేది. మాది వరంగల్ వైపు పల్లె. తెలుగు మీడియంలో చదివి, ఐటీఐ చేసి వచ్చినదాన్ని. గోడ మీద ఇంగ్లీషులో రాసిన నియమాలు చూస్తే భయం వేసేది. అందులో ఆ మాట ఉంది. దానికి అర్థం 'వేరు చేయడం' అని నేను నోటుబుక్కులో రాసుకుని ఆయనకు చూపించాను. ఆయన చదివి, తల అడ్డంగా ఊపాడు.

"మీ అమ్మ బియ్యంల రాళ్ళేరుతది గద. ఏరిన రాయి చాట అంచుకే పెడ్తదా?"

పెట్టదు సార్, బయట పారేస్తుంది అన్నాను.

"గదే బిడ్డా. వేరు జేసుడంటె పక్కకు పెట్టుడు గాదు. మల్ల ఎవ్వని చెయ్యికి దొరుకకుంట జేసుడు."

అందుకు ఆయన పెట్టిన పద్ధతి మూడు అంచెలు. బుడగ వచ్చిన వాల్వు అడుగున అక్కడికక్కడే ఎర్ర రంగు చుక్క పెట్టాలి. దాన్ని ఎర్ర క్రేటులో వేయాలి. సాయంత్రం లెక్కపెట్టి రిజిస్టర్లో రాసి, ఆ క్రేటును ఇనుప జాలీ గదిలో పెట్టి తాళం వేయాలి. తాళంచెవి ఇన్‌స్పెక్టర్ మెడలో ఉండాలి. ఎర్ర గుర్తు ఉన్న సరుకు ఏదైనా సరే, ఇన్‌స్పెక్టర్ సంతకం లేకుండా గేటు దాటకూడదు. ఆయన రిటైరై వెళ్ళేటప్పుడు ఇన్‌స్పెక్టర్ పనితోపాటు ఆ తాళంచెవి నా మెడలో వేసి వెళ్ళాడు. మంగళసూత్రం వేసుకునే ఆచారం మా ఇంట్లో లేదు. నా మెడలో వేలాడినది అదొక్కటే.

ఇక నా తప్పు.

జాలీ గదిలోని చెడ్డ వాల్వులను వారానికి రెండుసార్లు బయటికి తీసి విప్పి, అరగదీసి, మళ్ళీ బిగించి బాగుచేసేవాళ్ళు. ఆ పనిలో ఒక ఆమె ఉండేది. నాతోపాటే షేర్ ఆటోలో ఉప్పల్ రింగు రోడ్డు దాకా వచ్చి, అక్కడ ఇంకో ఆటో మారేది. నన్ను అక్కా అనేది, నేను చెల్లే అనేదాన్ని. బాగుచేసే ముందు ఆ ఎర్ర చుక్కను థిన్నర్‌తో తుడవాలి. రోజూ థిన్నర్‌లో చేతులు పెట్టి పెట్టి ఆమె వేళ్ళ చర్మం పొరలు పొరలుగా ఊడిపోయింది. ఒకరోజు ఆటోలో చేతులు చూపించింది. అన్నం కలుపుకుంటే మంట పుడుతుందట, చెంచాతో తింటోందట.

మరుసటి రోజు నుంచి ఎర్ర చుక్క ఆపేశాను. ఎర్ర క్రేటు ఉంది, తాళం ఉంది, రిజిస్టరు ఉంది, మళ్ళీ చుక్క ఎందుకు అనుకున్నాను. ఎవరినీ అడగలేదు, ఎక్కడా రాయలేదు. గ్లౌజులు అడిగి కొనిపిస్తే తీరిపోయే కష్టానికి చుక్క ఆపేసిన తెలివి నాది. దయ చూపించాననుకుని గర్వపడ్డాను కూడా. చెడ్డది మంచిదాంట్లో కలవకూడదని మూడు అడ్డాలు ఎందుకు పెట్టారో అప్పుడు నాకు పట్టలేదు. ఒకటి పోయినా ఇంకోటి ఉంటుందని పెట్టారు. నేను ఆ ఒకటి తీసేశాను.

ఆరు నెలలు ఏమీ కాలేదు. అందుకే మనుషులు తప్పులు మానరు.

ఆ ఏడాది మాకు ఒక పెద్ద ఆడిట్ వచ్చింది. అది దాటితే పెద్ద పొయ్యిల కంపెనీ ఆర్డరు మాకే. మా మేనేజరు కృష్ణా జిల్లా మనిషి. పనిలో దిట్ట, మాటలో తియ్యదనం, ఎవరినీ ఏకవచనంతో పిలిచేవాడు కాదు. నన్ను కార్మికుల గ్రేడు నుంచి స్టాఫ్ గ్రేడుకు మార్చే కాగితం ఆయన టేబుల్ మీదే ఉంది. ఆడిట్ అయ్యాక సంతకం చేస్తానన్నాడు. మా ఆయన ఆ సంగతి అప్పటికే చర్చిలో నలుగురికి చెప్పేశాడు.

ఆడిట్ గురువారం. బుధవారం నేను సెలవు పెట్టాను. మా ఆయనకు కంటి ఆపరేషన్, దవాఖానాలో ఎవరో ఒకరు ఉండాలి. గురువారం పొద్దున వచ్చేసరికి ఫ్యాక్టరీ పెళ్ళివారి ఇల్లులా ఉంది. గోడలకు సున్నం, మీటింగు గదిలో కొత్త అద్దాల షోకేసు, అందులో నీలం మఖమల్ గుడ్డ మీద మా వాల్వులు రకానికి ఒకటి. ఆడిటర్ జాలీ గది ముందు ఆగి, ఇక్కడ ఎట్లా సెగ్రిగేట్ చేస్తారని నన్నే అడిగాడు. రాత్రంతా బట్టీపట్టిన ఇంగ్లీషు గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పాను. ఆయన మెచ్చుకున్నాడు. మేనేజరు ముఖం వెలిగిపోయింది. నేను మాట్లాడుతూనే జాలీలోకి చూశాను. లోపల ఒకటో రెండో ఎర్ర క్రేట్లున్నాయి, అవీ ఖాళీవి. చెల్లె నిన్ననే అన్నీ బాగుచేసేసింది కాబోలు అనుకుని సరిపెట్టుకున్నాను. అడగలేదు. ఆ మాటను నా జన్మలో అంత చక్కగా పలికింది ఆరోజే. అంత అబద్ధంగా పలికిందీ ఆరోజే.

శుక్రవారం పొద్దున తాళం తీసి రిజిస్టరు పట్టుకుని కూర్చున్నాను. మంగళవారం సాయంత్రం నేను రాసిన లెక్క ప్రకారం జాలీ గదిలో మూడువందల పన్నెండు వాల్వులు ఉండాలి. గదిలో ఒక్కటి లేదు. ఎర్ర క్రేట్లు కడిగి బోర్లించి ఉన్నాయి. చెల్లెను పిలిచి, బుధవారం ఎన్ని బాగుచేశావని అడిగాను.

"ఒక్కటి గూడ ముట్టలే అక్కా. బుధారం నన్ను ఊడ్సుడు, కడుగుడు పనికి పంపిన్రు" అంది.

స్టోర్ చూసే అన్న దగ్గరికి పరుగెత్తాను. ఆయన నాకంటే సీనియర్, నోట్లో నాలుక లేని మనిషి. నన్ను చూడగానే తల దించుకున్నాడు. అప్పుడే నాకు సగం అర్థమైంది.

"సారు చెప్పిండు, నేను గుమ్మరించిన. ఆడిట్‌ల ఎరుపు గంత కనబడొద్దన్నడు. చెవి ఇంకోటి సారు దగ్గర ఉంటది గద, ఆయనే తాళం తీసిండు. నీలం క్రేట్లల్ల పోసి వరండల పెట్టిన. శుక్రారం పొద్దుగాల నువ్వొచ్చినంక చెప్దామనుకున్న."

నీలం క్రేట్లంటే మంచి సరుకు. వరండాలో ఉన్నవంటే ప్యాకింగుకు సిద్ధంగా ఉన్నవని అర్థం. గురువారం ఆడిటర్ వెళ్ళిపోగానే ప్యాకింగు వాళ్ళు ఆ వరుస మొత్తం ఎత్తుకుపోయారు. అడుగున ఎర్ర చుక్క ఉంటే మొదటి వాల్వు చేతిలోకి తీసుకున్న అమ్మాయే అరిచి చెప్పేది. చుక్క లేదు. చుక్క ఆపింది నేను.

అప్పటికి అరవై అట్టపెట్టెలు కట్టి, టేపు వేసి పేర్చేశారు. ఇంకొన్ని నీలం క్రేట్లు విప్పనివి ఉన్నాయి. నా మూడువందల పన్నెండు ఆ నాలుగు వేల చిల్లరలో ఎక్కడున్నాయో దేవుడికే తెలియాలి. ఆడిట్ వల్ల గురువారం బండి వెళ్ళలేదు, అదొక్కటే అదృష్టం. శుక్రవారం డీసీఎం లారీ వచ్చి గేటు లోపల నిలబడి ఉంది. డ్రైవరు టైర్లకు నీళ్ళు కొట్టుకుంటున్నాడు.

మేనేజరు గదికి వెళ్ళాను. ఆయన ముందు కంగారు పడ్డాడు, నిజం చెప్పాలి. అవి బాగుచేసినవనే అనుకున్నాడట. కానీ కంగారు అయిదు నిమిషాల్లో తగ్గింది, లెక్కలు మొదలయ్యాయి. ఇవాళ బండి పోకపోతే ఆర్డరు పోతుంది. పొయ్యిల కంపెనీ వాళ్ళు కూడా బిగించేటప్పుడు ఒకసారి చూసుకుంటారు. లీకైనవన్నీ పెద్దగా లీకయ్యేవి కావు. ఇట్లా ఒక్కొక్కటీ చెబుతూ పోయాడు. వాళ్ళు చూసుకుంటారని మనం, మనం చూశామని వాళ్ళు అనుకుంటే ఇక చూసేది ఎవరు సార్ అని అడిగాను. ఆయన నవ్వి, ఒక ఫారం నా ముందుకు జరిపాడు. లోపాలున్న సరుకును ఏం చేశారో రాసే ఫారం, కింద కార్బనుతో గులాబి కాపీ పడుతుంది. చివర ఒక గడి ఉంటుంది. అందులో 'సెగ్రిగేటెడ్' అని రాసి సంతకం పెడితే బండి కదులుతుంది.

"ఒక్క మాటేగా అమ్మా, రాసెయ్యండి. మీ స్టాఫ్ గ్రేడు కాగితం కూడా ఇప్పుడే సంతకం చేసిస్తాను."

రాయను సార్ అన్నాను. అప్పుడు ఆయన గొంతు మారలేదు కానీ మాట మారింది.

"అయితే ఉన్నది ఉన్నట్టే రాయండి. రంగు చుక్క ఎందుకు లేదో కూడా రాయండి. ఆపమని నేను చెప్పానా? ఏ కాగితంలో ఉంది? రాస్తే ముందు పోయేది మీరే. మీకు ఉద్యోగం అవసరం ఉంది కదా."

ఒళ్ళు మండిపోయింది. అయినా ఆయన చెప్పినదాంట్లో ఒక్క అబద్ధం లేదు. ఆ గది బయట బెంచీ మీద కూర్చున్నాను. మా ఆయన ఒక కంటికి కట్టుతో ఇంట్లో ఉన్నాడు. నా జీతం మీదే ఇల్లు నడుస్తోంది. ఒక్క మాట రాస్తే అన్నీ సర్దుకుంటాయి. రాస్తే, ఎవరో ఒకామె పొద్దున్నే లేచి, తలుపులు వేసి ఉన్న వంటింట్లోకి వెళ్ళి అగ్గిపుల్ల గీస్తుంది. ఆమె ఎట్లా ఉంటుందో నాకు తెలియదు. కానీ నాకు ఆటోలో చూసిన చెల్లె చేతులే కనిపించాయి. ఆ చేతులు కాలకూడదనే కదా నేను చుక్క ఆపింది.

లేచి రంగు గదికి వెళ్ళాను. ఎర్ర డబ్బా మూత తీశాను. ఆరు నెలలుగా ముట్టక పైన మీగడ కట్టింది, కర్రతో కలిపాను. చిన్న కుంచె వదిలేసి గోడలకు వేసే వెడల్పు కుంచె తీసుకున్నాను. ప్యాకింగు హాల్లోకి వెళ్ళి మొదటి అట్టపెట్టె మీద ఈ కొస నుంచి ఆ కొసకు గీత గీశాను. తరువాత రెండోది. తరువాత మూడోది. ఆడవాళ్ళు పని ఆపి చూస్తున్నారు. ఇరవయ్యో పెట్టె దగ్గరనుకుంటా, నా పక్కన ఇంకో కుంచె కదిలింది. స్టోర్ అన్న. నా ముఖం చూడకుండా అవతలి వరుస నుంచి గీసుకుంటూ వస్తున్నాడు.

అరవై పెట్టెలూ అయ్యాక నీలం క్రేట్ల మీద పడ్డాం. మేనేజరు వచ్చేసరికి నా చీర కొంగు, మోచేతులు అన్నీ ఎరుపే.

"ఏం చేస్తున్నారమ్మా ఇది?"

"సెగ్రిగేట్ జేస్తున్న సార్."

"మొత్తం సరుకంతానా?"

"ఏది మంచిదో ఏది కాదో తెల్వనప్పుడు మొత్తం చెడ్డదే సార్. మంచిదని ఒక్కొక్కటి నాకు తొట్టిల చూపియ్యాలె. అప్పటిదాక ఇది గేటు దాటది."

ఆయన డ్రైవరును లోడు చేసుకోమన్నాడు. డ్రైవరు హమాలీలను పిలిచాడు, పెట్టెలు ఎక్కించారు కూడా. బండి గేటు దగ్గరికి వెళ్ళాక మా వాచ్‌మన్ లేచి వచ్చి వెనక తలుపు తీయించి చూశాడు. నారపల్లి నుంచి సైకిల్ మీద వచ్చే ముసలాయన, రోజూ నాతో జర పొడి ఉంటె పెట్టమ్మా అని తంబాకు అడిగి తిట్లు తినేవాడు. ఆయన ఎర్ర గీతలు చూశాడు, గొలుసు తీయలేదు. అమ్మ సంతకం లేకుంటే నేను ఇడువ సార్, నా నౌకరి పోతది అన్నాడు. గోడ మీద ఇంగ్లీషులో ఉన్న నియమం ఆయనకు చదవడం రాదు. పాత ఇన్‌స్పెక్టర్ నోటితో చెప్పింది మాత్రం పాతికేళ్ళుగా గుర్తుంది.

ఎక్కించిన పెట్టెలు దింపేసి డీసీఎం ఖాళీగా వెళ్ళిపోయింది. డ్రైవరు పోతూ పోతూ మా అందరినీ తిట్టాడు, పాపం అతని కిరాయి పోయింది.

ఆ తరువాత నాలుగు రోజులు తొట్ల దగ్గరే ఉన్నాం. ఆదివారం చర్చి కూడా మానేశాను. ఒక్కొక్క వాల్వూ తీసి ముంచడం, చూడటం. బుడగ వస్తే ఎర్ర చుక్క. చెల్లె చేతులకు గ్లౌజులు వేసుకుని నా పక్కనే కూర్చుంది. ఆ గ్లౌజులు శుక్రవారం సాయంత్రం స్టోర్ అన్న తెచ్చి ఇచ్చాడు. ఎక్కడివని ఎవరూ అడగలేదు. ఒక్క సంగతి మాకు బలం. ఎన్ని వెతకాలో మాకు తెలుసు. రిజిస్టర్లో మూడువందల పన్నెండు అని నా చేత్తో రాసి ఉంది. వంద దాటినప్పుడు గది అంతా ఊపిరి పీల్చుకుంది. రెండువందలు దాటినప్పుడు మేనేజరు వచ్చి నిలబడి చూసి వెళ్ళాడు. సోమవారం మధ్యాహ్నానికి ఆఖరి క్రేటు అడుగు కనిపించింది.

మూడువందల పదకొండు.

మళ్ళీ లెక్కపెట్టాం. తొట్ల అడుగున చేతులు పెట్టి తడిమాం. కాలువ జాలీ ఎత్తి చూశాం, ఊడ్చిన చెత్త జల్లెడ పట్టాం. ఒకామె తన టిఫిన్ డబ్బా కూడా తెరిచి చూపించింది, నవ్వు రావలసిన చోట నాకు ఏడుపు వచ్చింది. ముంచి చూస్తే బుడగ రాని వాల్వులన్నీ మంచివే, వాటికి సంతకం పెట్టి పంపించాను. ఆర్డరు పోలేదు, ఒక వారం ఆలస్యమైంది అంతే. కానీ ఆ ఒక్కటి దొరకలేదు.

ఫారం నేనే నింపాను. మొదటి వాక్యంలో ఎర్ర చుక్క నేనే ఆపానని, ఎవరినీ అడగలేదని రాశాను. రెండో వాక్యంలో తాళం తీసి గుమ్మరించిన సంగతి రాశాను. మూడో వాక్యంలో మూడువందల పదకొండు దొరికాయి, ఒకటి దొరకలేదు అని రాశాను. చివరి గడి ఖాళీగా వదిలేశాను. మేనేజరు ఆ గడి మీద వేలు పెట్టి, నాలుగు వేలల్లో ఒక్కటే కదా అమ్మా, ఇప్పుడైనా ఆ మాట రాయవచ్చు కదా అన్నాడు. ఒక్కటి మిగిలితే ఆ మాట వర్తించదు సార్ అని చెప్పి వచ్చేశాను. గులాబి కాపీ నాతో ఇంటికి తెచ్చుకుని, బీరువాలో బైబిల్ పెట్టే అరలో పెట్టాను.

మరుసటి వారం నాకు మెమో వచ్చింది. చుక్క ఆపినందుకు. అది న్యాయమైన మెమో, నేను తల వంచుకుని తీసుకున్నాను. స్టాఫ్ గ్రేడు కాగితం ఏమైందో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. ఎనిమిదేళ్ళ తరువాత ఆ కార్మికుల గ్రేడులోనే రిటైరయ్యాను. మా ఆయన చర్చిలో ఆ నలుగురికీ ఏం చెప్పుకున్నాడో తెలియదు. ఇంట్లో మాత్రం ఒక్క మాట అనలేదు. నా తరువాత చేరిన ఇద్దరు నాకు పైఅధికారులయ్యారు. నేను బాధపడలేదని అబద్ధం చెప్పను. బాధపడ్డాను, బస్సులో ఏడ్చాను కూడా. కానీ ఆ శుక్రవారం మళ్ళీ వస్తే ఆ కుంచే తీసుకుంటాను. ఇంకొంచెం పెద్ద కుంచె తీసుకుంటాను.

ఆ ఒక్క వాల్వు మాత్రం నన్ను వదల్లేదు. ఎవరింటికి వెళ్ళినా నేరుగా వంటింట్లోకి నడిచి వాసన చూసేదాన్ని. మా వియ్యపురాలు ఒకసారి తన వంట బాగాలేదని ముక్కు ఎగబీలుస్తున్నానని అలిగింది. చెబితే నమ్మలేదు.

పోయిన ఏడాది నా రిటైర్మెంటు. మీటింగు గదిలో కుర్చీలు వేశారు, శాలువా కప్పారు. ఆ మేనేజరు అప్పటికి ప్లాంటు మొత్తానికి పెద్ద. నన్ను నిజాయితీకి మారుపేరు అంటూ పొగడటం మొదలుపెట్టాడు. పొగడ్త వింటూ ఎటు చూడాలో తెలియక పక్కకు చూశాను. ఎదురుగా అద్దాల షోకేసు. నీలం మఖమల్ వెలిసిపోయి బూడిద రంగుకు వచ్చింది. దాని మీద మా వాల్వులు. ముందు వరుసలో ఉన్నది నేను ఎన్నోసార్లు చూసిందే. అప్పుడు మాత్రం దాని మీద కొట్టిన నెల గుర్తు కంట్లో పడింది. మా వాల్వులన్నింటికీ ఏ నెలలో చేశారో ఒక అక్షరం కొడతాం. అది ఆ ఆడిట్ జరిగిన నెల అక్షరం.

ఆయన పొగడటం ఆపి, జ్ఞాపకంగా ఏం కావాలమ్మా అని అడిగాడు. ఆ వాల్వు ఇప్పించండి సార్ అన్నాను. అందరూ ముచ్చటపడి చప్పట్లు కొట్టారు. షోకేసు తాళం తీసి నా చేతిలో పెట్టారు. నేను థాంక్స్ చెప్పి, శాలువాతోనే లేచి, టెస్టింగు హాలు వైపు నడిచాను. ఫోటోలు తీసేవాడు, స్వీట్లు పంచేవాళ్ళు, వెనకే మేనేజరు, అందరూ ఏమైందోనని నా వెంట వచ్చారు. గాలి గొట్టం తగిలించి తొట్టిలో ముంచాను.

బుడగలు వరుసగా వచ్చాయి. ఒకటి కాదు, దారం తీసినట్టు వచ్చాయి.

ఎవరికీ అర్థం కాలేదు. ముగ్గురికి తప్ప. చెల్లె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. స్టోర్ అన్న అప్పటికే రిటైరయ్యాడు, నా కోసమే వచ్చాడు, ఆయన అక్కడే ఉన్న బల్ల మీద కూలబడ్డాడు. మేనేజరు తొట్టి మీదికి వంగి చూశాడు. తరువాత నాకు మాత్రమే వినిపించేట్టు చెప్పాడు.

"జాలీ గది తాళం తీసిన రోజు, షోకేసులోకి ఒకటి తక్కువైందంటే పైనున్నది తీసి నేనే ఇచ్చానమ్మా. తరువాత గుర్తే లేదు."

"నాకున్నది సార్" అన్నాను.

ఎనిమిదేళ్ళు వచ్చిన ప్రతి పెద్దమనిషికీ మా పనితనానికి గుర్తుగా చూపించింది దాన్నే. నవ్వాలో తిట్టాలో తెలియలేదు. రెండూ చేశాను, నవ్వు పైకి, తిట్టు లోపల. చెల్లె పరుగెత్తి ఎర్ర రంగు తెచ్చింది. అడుగున చుక్క నేనే పెట్టాను. పట్టుశాలువా మీద కూడా ఒక చుక్క పడింది, అది ఇప్పటికీ పోలేదు.

ఇంటికి వచ్చి బీరువా తీసి గులాబి కాపీ బయటికి తీశాను. కార్బను అక్షరాలు మసకబారాయి గానీ ఆ చివరి గడి ఖాళీగా అట్లాగే ఉంది. అందులో ఇంగ్లీషులో 'సెగ్రిగేటెడ్' అని రాశాను. కింద సంతకం చేసి ఆరోజు తారీఖు వేశాను. వచ్చే ఆదివారం మా చెల్లె కూతురిని మళ్ళీ భోజనానికి పిలిచాను, ఈసారి తిట్టను, ఆ కాగితం చూపిస్తాను. ఆ ఒక్క టిక్కు కొట్టడానికి వాళ్ళ పెద్దమ్మకు ఎనిమిదేళ్ళు పట్టింది.